పాత ఆంప్లిఫయర్, ప్రీఆంప్: మీ స్పీకర్లకి ఏది జత?

ఉగాది కార్యక్రమం అయిపోయి హాల్లో వైర్లు చుట్టిపెడుతుంటే ముగ్గురు మిత్రులు వేర్వేరుగా వచ్చి ఒకటే ప్రశ్న వేశారు. "ఇంట్లో మంచి స్పీకర్లున్నాయి, సెకండ్‌హ్యాండ్‌లో ఏ ఆంప్లిఫయర్ కొనమంటావు?" అని. ఏదో ఒక మోడల్ పేరు చెప్పి పంపేయొచ్చు. కానీ స్పీకరు సంగతి తెలియకుండా ఆంప్ పేరు చెప్పడమంటే కాలి కొలత అడక్కుండా చెప్పుల జత చేతిలో పెట్టడమే. అందుకని తీరిగ్గా కూర్చుని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను రోజూ చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. అయితే ఇక్కడ మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు చదివిన ఎలక్ట్రానిక్స్ మాత్రం ఆఫీసులో కన్నా ఈ పిచ్చికే ఎక్కువ పనికొచ్చింది.

మనవాళ్ళలో చాలామందికి స్పీకర్లు కొనకుండానే వచ్చిపడతాయి. ఎవరో ఇండియా తిరిగి వెళ్ళిపోతూనో, పెర్త్‌కో బ్రిస్బేన్‌కో మారిపోతూనో బరువైన సామాను తెలిసినవాళ్ళకి ఇచ్చేసి వెళతారు. నాకూ అలాగే వచ్చాయి. మా వీధిలో ఉండే మిత్రుడు హైదరాబాదు వెళ్ళిపోతూ బ్రిటన్‌లో తయారైన పాత స్పీకర్ల జత మా ఇంట్లో దింపాడు. వాటిలో ఉండే ట్వీటర్ ఇప్పుడెక్కడా తయారు కావడంలేదు. అది ఒక్కసారి కాలిందా, మిగిలేవి పూలకుండీలు పెట్టుకునే స్టాండ్లే. దానికి తోడు నాన్నగారు వచ్చే వేసవికి ఆరు నెలలు ఉండేలా వస్తూ, తన ఎల్.పి. రికార్డులు కూడా తెస్తున్నానన్నారు. ఘంటసాల భగవద్గీత, బాలమురళి కచేరీలు, ఇంకో పన్నెండో పదమూడో. అంటే నాకు కావలసింది ట్వీటర్‌ని చంపని ఆంప్, రికార్డ్ ప్లేయర్ తగిలించగల ప్రీఆంప్. బడ్జెట్ 400 డాలర్లు. మీ లెక్క వేరే కావచ్చు, దారి మాత్రం ఇదే.

ముందు స్పీకరుని వెనక్కి తిప్పండి

ఆంప్లిఫయర్ని మన ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో వర్ధకం అని చదువుకున్నాం. వర్ధకం ఎంత గొప్పదైనా, దాని మంచీ చెడూ తేల్చేది దాని కొసన తగిలించిన స్పీకరే. స్పీకరు వెనక అట్ట మీద రెండు అంకెలు చూడండి. ఒకటి సెన్సిటివిటీ, డెసిబెల్స్‌లో ఉంటుంది. రెండోది ఇంపీడెన్స్, ఓంలలో ఉంటుంది. మూడో అంకె, అంటే "100 వాట్లు" అని పెద్దక్షరాలతో వేసేది, మన పనికి అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడేది.

సెన్సిటివిటీ అంటే, 2.83 వోల్టులు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందన్న లెక్క. 8 ఓంల స్పీకరుకి 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటు. 4 ఓంల స్పీకరుకి అదే వోల్టేజి రెండు వాట్లవుతుంది. కాబట్టి 4 ఓంల స్పీకరు మీద 90 డెసిబెల్స్ అని రాసి ఉంటే, వాటు లెక్కన అది 87 అనుకోవాలి. ఈ చిన్న కిటుకు తెలియక చాలామంది పోల్చకూడని వాటిని పోలుస్తుంటారు.

ఇంపీడెన్స్‌ని అవరోధం అందాం. 8 ఓంలు అని రాసినా అది అన్ని స్వరాలకీ 8 ఓంలు కాదు. కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 30కి పైకి లేస్తుంది, మరికొన్ని చోట్ల 5కో 4కో పడిపోతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనిష్ఠ అవరోధం రాసిన విలువలో 80 శాతానికి తగ్గకూడదు. అంటే 8 ఓంల స్పీకరు 6.4 కిందకీ, 4 ఓంలది 3.2 కిందకీ దిగకూడదు. ఈ నియమాన్ని తయారీదారులందరూ పాటిస్తే ఈ వ్యాసం సగానికి తగ్గిపోయేది. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే ఆంప్ వైర్లు తీసేసి స్పీకరు టెర్మినల్స్ మధ్య ఓంలు కొలవండి. 5.5 నుంచి 6.5 దాకా వస్తే అది 8 ఓంల జాతి. 3.2, 3.5 చూపిస్తే అట్ట మీద ఏం రాసినా దాన్ని 4 ఓంలదిగానే చూడాలి. మల్టీమీటర్ చూపేది డి.సి. నిరోధమే, పూర్తి అవరోధం కాదు. అయినా ఏ గుంపులోదో చెప్పడానికి సరిపోతుంది. నా స్పీకర్లు 5.4 చూపించాయి. అట్ట మీద 8 ఓంలు, 87 డెసిబెల్స్ అని ఉంది.

ఇక్కడో పక్కదారి. ఈ అవరోధం గీత ఎందుకు ఎగుడుదిగుడుగా ఉంటుందో, స్పీకరుని పెట్టెలో బిగిస్తే ఏమవుతుందో లెక్కగట్టి ప్రపంచానికి చెప్పింది ఈ దేశమే. నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియన్ ఇంజనీరు 1961లో రంధ్రం ఉన్న స్పీకరు పెట్టెల మీద ఒక పరిశోధనాపత్రం రాశాడు. ఇక్కడి రేడియో ఇంజనీర్ల పత్రికలో వచ్చిన ఆ వ్యాసాన్ని పదేళ్ళ దాకా బయటివాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. సిడ్నీ యూనివర్సిటీలో రిచర్డ్ స్మాల్ దాన్ని అందుకుని 1972లో పిహెచ్.డి. పూర్తిచేశాడు. థీల్ పత్రాన్ని అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 1971లో తమ పత్రికలో మళ్ళీ అచ్చువేసింది. ఈరోజు ప్రపంచంలో ఏ స్పీకరు డేటాషీటు తెరిచినా "థీల్-స్మాల్ పారామీటర్లు" అని కనిపిస్తాయి. ఇంపీడెన్స్ గ్రాఫులో బాస్ దగ్గర ఒంటె మూపురాల్లా రెండు గుట్టలు కనిపిస్తే అది రంధ్రం ఉన్న పెట్టె, ఒకటే గుట్ట ఉంటే మూసిన పెట్టె. థీల్ 2012లో పోయాడు. సిడ్నీలో ఉంటూ ఈ పేరు వినని మనవాళ్ళు చాలామందే ఉన్నారు, అందుకే చెప్పాను.

ఎన్ని వాట్లు కావాలి?

మా చిన్నప్పుడు టేప్‌రికార్డర్ మీద "1000 వాట్స్ పి.ఎం.పి.ఓ." అని మెరిసే స్టిక్కరు ఉండేది. లోపల చూస్తే అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మర్. ఆ అంకెకి ఏ శాస్త్రమూ లేదు. ఆంప్లిఫయర్‌కి చూడాల్సింది "8 ఓంలకి ఇన్ని వాట్లు, నిరంతరంగా, రెండు చానెళ్ళూ నడుస్తుండగా" అన్న వాక్యం ఒక్కటే.

నా లెక్క చూపిస్తాను, మీరు మీ అంకెలు పెట్టుకోండి. స్పీకరు 87 డెసిబెల్స్. నేను కూర్చునేది మూడు మీటర్ల దూరంలో. ఆరుబయట అయితే ఆ దూరానికి 9.5 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలున్న గదిలో అంత తగ్గదు, 6 అనుకోవచ్చు. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలుస్తుంది. అంటే చానెల్‌కి ఒక్క వాటు ఇస్తే కుర్చీ దగ్గర 84 డెసిబెల్స్. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60, 65 ఉంటుంది. కాబట్టి 84 అంటే తక్కువేం కాదు, వంటింట్లోంచి "కాస్త తగ్గిస్తారా?" అని వినబడే స్థాయి.

మరి వాట్లు ఎందుకంటే, సంగీతం సమంగా ఉండదు కనుక. మృదంగం మీద ఒక్క దెబ్బ సగటు కన్నా 15 డెసిబెల్స్ పైకి లేస్తుంది. సగటున 85లో వింటే శిఖరం 100. నా 84కి ఇంకో 16 కలవాలి. 10 డెసిబెల్స్ అంటే పది రెట్లు, ఇంకో 6 అంటే నాలుగు రెట్లు. మొత్తం నలభై వాట్లు. అంతే! 40 నుంచి 60 వాట్లున్న నిజాయితీగల ఆంప్ మా ఇంటికి ధారాళంగా సరిపోతుంది. 50 వాట్ల దానికీ 100 వాట్ల దానికీ తేడా 3 డెసిబెల్స్ మాత్రమే, జాగ్రత్తగా వింటే తెలిసేంత. దాని కోసం రెట్టింపు డబ్బు పోయడం నాకు నచ్చదు.

అదే బి.బి.సి. డిజైన్ చేసిన బుల్లి ఎల్.ఎస్. 3/5ఎ అయితే సెన్సిటివిటీ 83 దాపుల్లో ఉంటుంది. లెక్క ప్రకారం 100 వాట్లు కావాలి, కానీ ఆ స్పీకరు అంత తట్టుకోదు. కనుక దానితో అంత గట్టిగా వినాలన్న కోరికే మానుకోవాలి. క్లిప్ష్ హెరెసీ లాంటి 96 డెసిబెల్స్ స్పీకరుకి అదే గదిలో 5 వాట్లు చాలు. వాల్వు ఆంప్‌ల మీద మోజున్న వాళ్ళు వెతకాల్సినవి అలాంటి స్పీకర్లు.

తక్కువ వాట్ల ఆంప్ ట్వీటర్‌ని కాలుస్తుందని అందరూ అంటారు. అది సగం నిజం. చిన్న ఆంప్‌ని శక్తికి మించి తిప్పితే బాస్ శిఖరాలు కత్తిరించినట్టు చదునైపోతాయి, దీన్నే క్లిప్పింగ్ అంటారు. నాబ్ ఇంకా తిప్పితే బాస్ ఇక పెరగదు, ట్రెబుల్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కత్తిరించిన అంచుల నుంచి కొత్తగా పుట్టే హార్మోనిక్స్ దానికి తోడవుతాయి. మామూలు సంగీతంలో ట్వీటర్‌కి వెళ్ళేది చాలా తక్కువ శక్తి, దాన్ని తయారుచేసేదీ కొద్ది వాట్లకే. అందుకని అదే ముందు మాడుతుంది. అయితే 20 వాట్ల ఆంప్‌ని హద్దులో ఉంచి వింటే ఏ ట్వీటరూ కాలదు. అలాగే 200 వాట్ల ఆంప్‌తో పార్టీలో మూడో గ్లాసు తరవాత నాబ్ తిప్పినా కాలుతుంది. పాత క్వాడ్ ఎలెక్ట్రోస్టాటిక్ స్పీకర్ల ఉదాహరణ ఉండనే ఉంది. 1957 నాటి మోడల్ 33 వోల్టుల శిఖరం దాటితే తట్టుకోదు. క్వాడ్ వాళ్ళదే 303 ఆంప్‌తో భద్రంగా ఉంటుంది. అదే కంపెనీ 100 వాట్ల 405ని తగిలించాలంటే లోపల లిమిటర్ ఉండాలి. ఒకే ఇంటి పిల్లలకే పొసగని జాతకాలు!

4 ఓంల స్పీకర్లున్నవాళ్ళు ఇంకో విషయం చూడాలి. ఆంప్ అదే వోల్టేజికి రెట్టింపు కరెంటు ఇవ్వాలి. ఆదర్శంగా 8 ఓంలకి 50 వాట్లిచ్చేది 4 ఓంలకి 100 ఇవ్వాలి. 75, 80 ఇస్తే మంచిదే. స్పెసిఫికేషన్‌లో 4 ఓంల అంకె అసలు లేకపోతే, లేదా వెనక పానెల్ మీద "కనీసం 8 ఓంలు" అని ఉంటే, దాన్ని పక్కన పెట్టండి. ఏ, బీ అని రెండు జతల స్పీకర్లు ఒకేసారి నడిపేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. 8 ఓంలవి రెండు జతలు సమాంతరంగా కలిస్తే ఆంప్‌కి కనిపించేది 4 ఓంలే.

డాంపింగ్ ఫాక్టర్ 50 దాటితే దాని గురించి ఆలోచించకండి. స్పీకరు వైరు మందంగా ఉండి, రెండు వైపులా బిగువుగా ఉంటే చాలు. అంతకు మించి దాని మీద రాయడానికి నా దగ్గరేమీ లేదు.

ప్రీఆంప్ అసలు కావాలా?

ఇదే నన్ను ఎక్కువమంది తికమకగా అడిగే ప్రశ్న. ప్రీఆంప్ మూడు పనులు చేస్తుంది: ఏది వినాలో ఎంచుకోవడం, శబ్దం తగ్గించడం పెంచడం, బలహీనమైన సిగ్నల్ని బలపరచడం. మూడో పని ఒకప్పుడు చాలా అవసరం. ట్యూనర్లూ టేప్‌డెక్కులూ వోల్టులో చిన్న భాగం ఇచ్చే రోజుల్లో తయారైన ప్రీఆంప్‌లు సిగ్నల్ని పది రెట్లు పెంచేవి. ఆ తరవాత సి.డి. ప్లేయర్ వచ్చి ఒకేసారి 2 వోల్టులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పటి డిజిటల్ పెట్టెలూ దాదాపు అంతే ఇస్తాయి.

లెక్క చూడండి. 8 ఓంలకి 50 వాట్లంటే 20 వోల్టులు. పవర్ ఆంప్ ఒక వోల్టు లోపలికిస్తే ఆ 20 బయటికిస్తుందనుకుందాం. ప్రీఆంప్ పది రెట్లు పెంచేదైతే, 2 వోల్టుల సి.డి. సిగ్నల్ కూడా 20 అయి కూర్చుంటుంది. పవర్ ఆంప్‌కి కావలసినది ఒక్కటే, వచ్చేది ఇరవై. ఫలితం ఏమిటంటే వాల్యూమ్ నాబ్ గడియారంలో ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యే తిరుగుతుంటుంది. పాత పొటెన్షియోమీటర్లలో ఆ మొదటి భాగంలోనే ఎడమ కుడి చానెళ్ళు సమంగా ఉండవు. గొంతు ఒక పక్కకి జరిగినట్టు వినిపిస్తుంది. చాలామంది స్పీకర్లని అనుమానించేది ఇక్కడే. దీనికి మందు సులువు: సి.డి. ప్లేయర్‌కీ ప్రీఆంప్‌కీ మధ్య 10 డెసిబెల్స్ తగ్గించే చిన్న అటెన్యుయేటర్ ప్లగ్గులు పెట్టుకోవడం. మీరు వినేది సి.డి., ఫోను, కంప్యూటర్ మాత్రమే అయితే, పెంచే పనే లేని పాసివ్ ప్రీఆంప్, అంటే ఒక సెలెక్టరూ ఒక వాల్యూమ్ నాబూ ఉన్న డబ్బా, సరిపోతుంది. వైర్లు పొట్టిగా ఉండాలి, పవర్ ఆంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉండాలి, అంతే.

రెండో జత ఇదే: ప్రీఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, పవర్ ఆంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్. రెండోది మొదటిదానికి కనీసం పది రెట్లు ఉండాలి. ట్రాన్సిస్టర్ వాటితో ఇది ఎప్పుడూ సమస్య కాదు. పాత వాల్వు ప్రీఆంప్‌ని కొత్త పవర్ ఆంప్‌కి తగిలించేటప్పుడే చిక్కు. వాల్వు ప్రీఆంప్ చివర ఒక కపాసిటర్ ఉంటుంది. అది 0.47 మైక్రోఫారాడ్‌లయి, పవర్ ఆంప్ ఇన్‌పుట్ 10 కిలోఓంలయితే, 34 హెర్ట్జ్ దగ్గరే బాస్ జారిపోవడం మొదలవుతుంది. అదే ఇన్‌పుట్ 47 కిలోఓంలయితే 7 హెర్ట్జ్ దాకా హాయిగా దిగుతుంది. మృదంగం తొప్ప మోత పలచగా వినిపిస్తోందని స్పీకర్లు మార్చేముందు ఈ రెండంకెలూ చూసుకోండి.

మూడో జత ప్లగ్గులది. పాత క్వాడ్, నెయిమ్ సామానుకి ఆర్.సి.ఏ. బదులు గుండ్రటి డిన్ సాకెట్లుంటాయి. నెయిమ్ ప్రీఆంప్‌లు చాలావాటికి సొంత పవర్ సప్లయ్ ఉండదు, జోడీ పవర్ ఆంప్ నుంచో, విడిగా కొనే సప్లయ్ నుంచో కరెంటు రావాలి. ప్రీఆంప్ చవగ్గా దొరికిందని సంబరపడి ఇంటికి తెస్తే, దానికి ప్రాణం పోసేది వేరే కొనాల్సి ఉంటుంది. నెయిమ్ పవర్ ఆంప్‌లు స్పీకరు వైరు విషయంలోనూ పట్టింపు ఉన్నవే. అవి అడిగే రకం, అడిగే పొడవు వాడాలి.

రికార్డులున్నవాళ్ళకి ఫోనో ఇన్‌పుట్ తప్పనిసరి. మూవింగ్ మాగ్నెట్ కాట్రిడ్జ్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. దాన్ని వందల రెట్లు పెంచడమే కాదు, రికార్డు చెక్కేటప్పుడు తగ్గించిన బాస్‌నీ పెంచిన ట్రెబుల్‌నీ మళ్ళీ సరిచెయ్యాలి. దీన్నే ఆర్.ఐ.ఏ.ఏ. ఈక్వలైజేషన్ అంటారు. 1970, 80లలో తయారైన ఇంటిగ్రేటెడ్ ఆంప్‌లు అన్నిటికీ దాదాపు ఇది ఉంటుంది. తరవాతి వాటిలో చాలాచోట్ల తీసేశారు.

ఇక నా సొంత అభిప్రాయం ఒకటి. టోన్ కంట్రోల్స్ ఉంటే సంగీతం పాడవుతుందని హై-ఫై పెద్దలు ముక్కు విరుస్తారు. వాళ్ళ రికార్డులు వేరు, మనవి వేరు. మన పాత సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. ఎన్నో చేతులు మారిన రికార్డు మీద గీతలు ఎడమ పక్కన ఒకలా, కుడి పక్కన ఒకలా చిటపటలాడతాయి. ప్రీఆంప్ మీద "మోనో" మీట ఉంటే అది నొక్కగానే చిటపటలు సగానికి తగ్గి, పాట మధ్యకొచ్చి నిలబడుతుంది. ట్రెబుల్ కాస్త తగ్గిస్తే గొంతులో బొంగురు పోతుంది. ఆ మీట, ఆ రెండు నాబులూ ఉన్న పాత ప్రీఆంప్ నాకు ఏ ఖరీదైన నిరాడంబరపు డబ్బా కన్నా ఎక్కువ. విడిగా ప్రీఆంప్, విడిగా పవర్ ఆంప్ కొనడం కన్నా, వెనక "ప్రీ అవుట్, మెయిన్ ఇన్" సాకెట్లున్న ఇంటిగ్రేటెడ్ ఒకటి కొంటే రెండూ ఒకే పెట్టెలో వచ్చినట్టే. తరవాత ఏదో ఒక సగాన్ని మార్చుకోవచ్చు. 1978లో వచ్చిన నాడ్ 3020కి ఈ సౌకర్యం ఉంది, 20 వాట్లే అయినా మనసున్న ఆంప్. మీ స్పీకర్లు 90 దాటినవయితే, గది చిన్నదయితే దాన్ని వదలకండి. నా 87కి నేను ఇంకొంచెం బలమున్నదాన్ని వెతికి, జపాన్‌లో తయారైన 60 వాట్ల ఇంటిగ్రేటెడ్‌ని తీసుకున్నాను. ఫోనో, మోనో మీట, టోన్ కంట్రోల్స్, మెయిన్ ఇన్ అన్నీ ఉన్నాయి. 340 డాలర్లయింది. మిగిలిన 60 డాలర్లూ రికార్డ్ ప్లేయర్ సూదికి వెళ్ళాయి.

గోడలోంచి వచ్చేది ఎన్ని వోల్టులు?

అమెరికాలో కొన్నేళ్ళుండి ఇటు వచ్చినవాళ్ళు, జపాన్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఆస్ట్రేలియాలో 2000 నుంచీ కాగితం మీద 230 వోల్టులు. కానీ అనుమతించిన హద్దు 216 నుంచి 253 దాకా. నిజానికి చాలా ఇళ్ళలో 240 పైనే ఉంటుంది. వీధిలో అందరి కప్పుల మీదా సోలార్ పానెళ్ళున్న చోట మధ్యాహ్నం పూట మా ఇంట్లో నేను 248 కొలిచాను. వెనక 220 అని రాసి ఉన్న ఆంప్‌కి అది 13 శాతం ఎక్కువ. వెంటనే పేలిపోదు, కానీ వేడెక్కుతుంది, కపాసిటర్ల ఆయుష్షు తగ్గుతుంది. వోల్టేజి సెలెక్టర్ ఉంటే 240 మీద పెట్టండి. ఇండియా నుంచి తెచ్చిన ఆంప్‌కి ప్లగ్గు మారిస్తే చాలు, అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే.

అమెరికన్ ఆంప్ 120 వోల్టులది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తుంది. అయితే 60 హెర్ట్జ్‌కే తయారైన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర 20 శాతం ఎక్కువ అయస్కాంత భారం మోస్తుంది. కొన్ని గుర్రుమంటాయి, కొన్ని మరీ వేడెక్కుతాయి. వెనక "50/60 హెర్ట్జ్" అని ఉంటేనే తెచ్చుకోండి. జపాన్ లోపలి మార్కెట్‌కి తయారైనవి 100 వోల్టులవి. 240ని సగం చేసే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ వాటికి 120 ఇస్తుంది, అదీ 20 శాతం ఎక్కువే. వాటికి ప్రత్యేకంగా 100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మాకు తెలిసిన ఒకాయన అందమైన జపాన్ ఆంప్‌కి ప్లగ్గు అడాప్టర్ మాత్రం పెట్టి సరాసరి గోడకి తగిలించాడు. కరెంటు అన్నమాటకి వాసన ఉంటుందని వాళ్ళావిడకి ఆరోజే తెలిసిందట! హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే చౌక ట్రావెల్ కన్వర్టర్లు కూడా ఆంప్‌లకి పనికిరావు.

మూడు పిన్నుల ప్లగ్గున్న ఆంప్‌కి గుర్రుమనే శబ్దం పోగొట్టడానికి ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళ మాట వినొద్దు. ఆ వైరు ఉన్నది పాట కోసం కాదు, ప్రాణం కోసం.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

వెంట తీసుకెళ్ళాల్సినవి: మల్టీమీటర్, ఫోనుకి తగిలించే ఆర్.సి.ఏ. వైరు, పోయినా బాధలేని బుల్లి స్పీకర్ల జత. మీ మంచి స్పీకర్లతో మొదటి పరీక్ష చెయ్యొద్దు.

ముందు స్పీకర్లు తగిలించకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి, ఆంప్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి. మల్టీమీటర్‌ని డి.సి. మిల్లీవోల్టులలో పెట్టి, ఒక్కో చానెల్ ఎర్ర, నల్ల టెర్మినల్స్ మధ్య కొలవండి. 30 లోపుంటే బాగుంది. 50 దాకా పర్లేదు. 100 దాటితే లోపల ఏదో వయసు మీద పడింది, రిపేరు ఖర్చు ధరలోంచి తీసెయ్యండి. వోల్టుల్లో చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. అలాంటి ఆంప్ స్పీకరు కాయిల్‌ని నిలువునా కాలుస్తుంది. ఈ ఒక్క కొలత చెయ్యనివ్వని అమ్మకందారుతో బేరమే వద్దు.

తరవాత బుల్లి స్పీకర్లు తగిలించి వినండి. ఆన్ చేసిన కొద్ది క్షణాలకి "టక్" మని రిలే చప్పుడు రావాలి. నాబ్ తిప్పితే కరకర వస్తే కంగారు పడనక్కరలేదు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో చాలాసార్లు పోతుంది. గుర్రు వస్తే అది ఏ స్థాయిదో గమనించండి. 50 హెర్ట్జ్ మంద్రపు గుర్రు సాధారణంగా ఎర్త్ లూప్, లేదా వైర్లది. దానికి ఒక స్థాయి పైన, 100 హెర్ట్జ్‌లో, కాస్త గరుకుగా వాల్యూమ్‌తో సంబంధం లేకుండా వస్తే పవర్ సప్లయ్ కపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించాలి. తంబూరా ఒంటరిగా మోగే రికార్డింగ్ ఒకటి ఫోనులో పెట్టుకుని వెళ్ళండి. ఆ శ్రుతిలో ఏ మాత్రం మసక ఉన్నా బయటపడుతుంది. ప్రతి ఇన్‌పుట్, ప్రతి మీట, హెడ్‌ఫోన్ సాకెట్ ప్రయత్నించండి. ఫోనో ఇన్‌పుట్‌ని మాత్రం ఫోనుతో పరీక్షించొద్దు, రెండు చెవులూ చిల్లులు పడతాయి.

లోపలి విడిభాగాల సంగతి అడగండి. 1980ల నాటి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో చాలా రకాల తయారీ ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో అదే నంబరుతో నకిలీలు వస్తున్నాయి. అన్నీ కలిపి ఒకే నల్లటి దిమ్మలో బిగించిన ఎస్.టి.కె. మాడ్యూళ్ళున్న ఆంప్‌లకి ఈ బెడద మరీ ఎక్కువ. న్యూజిలాండ్ వాళ్ళ పెరో ఆంప్‌లలో వాడిన హిటాచీ మాస్‌ఫెట్లూ ఇప్పుడు దొరకడం కష్టమే. ఆ ఆంప్‌లు మాత్రం గట్టివి, పనిచేస్తున్నది కనబడితే చూడదగ్గవి.

ఈ దేశపు ప్రత్యేకత ఇంకొకటి ఉంది. ఎలక్ట్రానిక్స్ ఆస్ట్రేలియా పత్రిక "ప్లేమాస్టర్" పేరుతోనూ, 1987లో మొదలైన సిలికాన్ చిప్ పత్రిక తరవాతా ఆంప్లిఫయర్ల డిజైన్లు ప్రచురించేవి. వేలమంది వాటి కిట్లు కొనుక్కుని ఇంట్లోనే అతుక్కున్నారు. అవి ఇప్పటికీ గమ్‌ట్రీలో చవగ్గా కనిపిస్తుంటాయి. డిజైన్ అద్భుతంగా ఉండొచ్చు, అతికినవాడి చెయ్యి ఎలాంటిదో మూత తీస్తేనే తెలుస్తుంది. మెయిన్స్ వైర్ల మీద తొడుగు లేకపోయినా, ఎర్త్ వైరు డబ్బాకి గట్టిగా బిగించి లేకపోయినా వదిలెయ్యండి. అన్నీ శుభ్రంగా ఉంటే మాత్రం, సర్క్యూట్ డయాగ్రమ్ అచ్చులో దొరికే ఆంప్ కన్నా రిపేరుకి సులువైనది లేదు.

వ్యక్తి దగ్గర కొంటే తరవాత అడిగే హక్కు దాదాపు ఉండదు. 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా ఇచ్చే నాణ్యత హామీలు వ్యాపారం చేసేవారికి వర్తిస్తాయి. సెకండ్‌హ్యాండ్ దుకాణాలు అందులోకి వస్తాయి, వస్తువు వయసూ ధరా దృష్టిలో పెట్టుకుని. గారేజీలో ఉన్న ఆంప్‌ని ఒకసారి అమ్ముకునే పక్కింటాయన రాడు. దుకాణంలో యాభయ్యో వందో ఎక్కువైనా, మీటరు పట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళకి అది దండగ కాదు.

ఇక బరువు. ఆస్ట్రేలియా పోస్ట్ పార్సెల్ గరిష్ఠంగా 22 కిలోలే తీసుకుంటుంది. పెద్ద పవర్ ఆంప్‌లు పాకింగ్‌తో కలిపి అది దాటుతాయి, అప్పుడు కొరియర్‌కి పోవాలి, లేదా కారేసుకుని వెళ్ళాలి. పోస్టులో తెప్పించుకుంటే రెండు పెట్టెలు అడగండి, ఒకదాంట్లో ఇంకొకటి, మధ్యలో అయిదు సెంటీమీటర్ల గట్టి ఫోమ్. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపే బరువంతా ఉంటుంది కాబట్టి ఆ మూలే ముందు నేలకి తగులుతుంది. అమ్మేవాళ్ళకి చెప్పి ఆ మూల కింద ఇంకో పొర వేయించండి. పెట్టె వచ్చాక వెంటనే తగిలించకుండా రెండు మూడు గంటలు గదిలో ఉంచి, మెల్లిగా అటూ ఇటూ వంచి చూడండి. లోపల ఏదైనా గలగలమంటే మూత తీసి అదేమిటో తేలేదాకా ప్లగ్గు జోలికి వెళ్ళకండి.